చాలకాలము నిలిపియుంచిన పాత మోటారు కారు: ఇంజను మిస్సింగును కనుగొను విధము



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పల్లెలలో, భూవసతి గల కుటుంబముల కొట్టములయందు పాత మోటారు కారు ఒకటి నిలిచియుండుట అరుదు గాదు. ఒకరి యింట అంబాసిడరు, మఱియొకరి యింట ప్రీమియర్ పద్మిని, తోట గలవారి యింట పెట్రోలు జీపు. అది తండ్రిగారి కాలమున కొన్న బండి. ఆయన పోయిన పిదప గాని, కుమారుడు బెంగుళూరిలో ఉద్యోగమునకు పోయి క్రొత్తబండి తెచ్చిన పిదప గాని దానిని కదిలించువారు లేకపోయిరి. దాని ప్రక్కను వేరుసెనగ మూటలు పేర్చిరి. పైన గోనెపట్టలు కప్పిరి. కోళ్లు దాని క్రింద గ్రుడ్లు పెట్టినవి. ఇట్లు అయిదారేండ్లు గడచును.

హిందూపురమునకు చేరువ నొక పల్లెలో అట్టి రైతు ఒకడు కలడనుకొనుడు. మాఘమాసమున కుమార్తె వివాహము. పెండ్లిచీరలకు ధర్మవరము పోవలయును. తండ్రి కొన్న అంబాసిడరులోనే పోవలయునని యింటి పెద్దామె కోరిక. రైతు క్రొత్త బ్యాటరీ తెచ్చి బిగించెను, ట్యాంకిలోనున్న పాత పెట్రోలు మీదనే అయిదు లీటర్లు క్రొత్త పెట్రోలు పోసెను, సెల్ఫు నొక్కెను. ఇంజను చాలసేపు గురగురలాడి లేచినది గాని, బండి యంతయు వణకుచు, సైలెన్సరు నుండి నల్లని పొగ విడుచుచు, నడుమ నడుమ టప్పుటప్పున ప్రేలుచు, రెండు నిమిషములలో ఆగిపోయినది. చూడవచ్చిన మిస్త్రీ చెవి యొగ్గి విని, “ఇంజను చెడిపోయినది, విప్పి బోరింగు చేయించవలయును” అనెను. ఆ ఖర్చు విన్న రైతు పాతయినుము కొనువాని కొరకు కబురు పంపెను.

ఈ ఉపన్యాసము ముఖ్యముగా ఆ కబురు పంపబోవు రైతు కొరకే. నిలిపినప్పుడు చక్కగా నడచుచుండిన ఇంజను, నిలిచియున్నంత మాత్రమున లోపల అరిగిపోదు. అరుగుదల నడచుటవలన గలుగునది. నిలుచుటవలన చెడునవి వేఱు: పెట్రోలు చెడును, నిప్పురవ్వ పుట్టించు భాగములకు త్రుప్పుపొర పట్టును, రబ్బరు ఎండి పగులును, కవాటము, అనగా వాల్వు, ఎక్కడనో బిగిసికొనును. ఇవి యన్నియు ఇంజనును విప్పకయే చూడదగినవి. వీనిని వరుసగా చూడకమునుపు బోరింగునకు ఒప్పుకొనరాదు. పాతయినుము వానికి కబురు పంపరాదు.

మిస్సింగనగా నేమి? రోటిచుట్టు నలుగురు స్త్రీలు రోకళ్లతో వంతులవారీగా దంచుచుండగా, ప్రక్కగదిలో నున్నవారికి ఆ దెబ్బల తాళము వినబడుచుండును. ఒకామె చేయి ఆగినచో చూడకయే చెవికి తెలియును. అంబాసిడరు, పద్మిని ఇంజనులలోను సిలిండర్లు నాలుగే. అవి 1, 3, 4, 2 అను వరుసలో పనిచేయును. ప్రతి సిలిండరునకును తగుపాళ్లలో పెట్రోలు ఆవిరియు గాలియు, దానిని చక్కగా అదుముటయు, సరియైన క్షణమున నిప్పురవ్వయు, ఈ మూడును సమకూరినప్పుడే దెబ్బ పడును. మూడింటిలో ఏది లోపించినను ఆ దెబ్బ తప్పును. కావున మిస్సింగు అనునది రోగము పేరు గాదు; అది లక్షణము మాత్రమే. జ్వరము వచ్చినవానికి కారణము నరయకయే కడుపు కోయు వైద్యుడెట్టివాడో, మిస్సింగు వినగానే ఇంజను విప్పు మిస్త్రీయు అట్టివాడే.

పెనుకొండ వద్ద ఎఱ్ఱమంచిలో కియా వారి కార్ఖానా 2019 డిసెంబరులో లాంఛనముగా ప్రారంభింపబడినది. అచ్చట తయారగు క్రొత్త కారులలో, ఏ సిలిండరు దెబ్బ తప్పినను కంప్యూటరు పసిగట్టి చోదకుని యెదుట దీపము వెలిగించును. వర్క్‌షాపువారు తీగ తగిలించి తప్పును చదివికొందురు. 2014లో తయారు నిలిచిపోయిన అంబాసిడరుగాని, అంతకుముందే నిలిచిపోయిన పద్మినిగాని, ముఖ్యముగా కార్బురేటరు గల పాత నమూనాలు, అట్టి దీపము నెఱుగవు. వానికి యజమానుని చెవి, ముక్కు, కన్ను, ఇవియే సాధనములు. ఒక విధముగా ఇది రైతునకు మేలే. పశువు రోగమును అతడు ఏ దీపము చూచి కనుగొనుచున్నాడు?

మొదట చేయవలసినది, సెల్ఫు నొక్కకుండుట. బ్యాటరీ తీగ విప్పి యుంచి, బానెట్టు ఎత్తి చూడవలయును. వేరుసెనగ నిలువచేయు కొట్టములలో ఎలుకలకు కొదువ లేదు. అవి ఎయిరు ఫిల్టరు డబ్బాలో గూడు కట్టి, దానిని కాయల తొక్కులతో నింపును. గాలి తగినంత లోనికి రానందున పెట్రోలు పాలు ఎక్కువై, ఇంజను నల్లపొగ విడుచుచు మిస్సగును. పై రైతు బండిలో నల్లపొగకు సగము కారణము ఇదియే. ఫిల్టరు డబ్బా విప్పుటకు కావలసినది ఒక్క రెక్కనట్టు త్రిప్పుట మాత్రమే. మిస్త్రీ దానిని విప్పలేదు. సైలెన్సరు గొట్టము చివరను గూడ కఱ్ఱతో పొడిచి చూడవలయును. ప్లగ్గు వైర్ల మీద ఎలుక పండ్ల గాట్లున్నవేమో వ్రేలితో తడవి చూడవలయును.

పిమ్మట డిప్పు స్టిక్కు తీసి ఆయిలు చూడవలయును. ఆయిలు గుర్తును మించి యున్నను, పెట్రోలు వాసన కొట్టినను, పెట్రోలు పంపులోని తోలుబిళ్ల వంటి పొర పగిలి పెట్రోలు ఆయిలులోనికి దిగినదని సామాన్యముగా గ్రహింపవచ్చును. అట్టి ఆయిలుతో ఇంజను నడపినచో బేరింగులు నిజముగానే చెడును. పంపు బాగుచేయించి, ఆయిలు మార్చిన పిదపనే ముందుకు పోవలయును.

నాలుగు ప్లగ్గులను విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తుపట్టునట్లు వరుసగా పలకమీద పెట్టవలయును. విప్పుటకు ముందే ప్లగ్గు వైర్లకు దారపు ముడులు వేసికొనుట మంచిది: మొదటిదానికి ఒక ముడి, రెండవదానికి రెండు, ఇట్లు. తిరిగి బిగించునపుడు వైర్లు తారుమారగుటచే పుట్టిన మిస్సింగులు తక్కువ గావు. ప్రతి ప్లగ్గు రంధ్రములోను ఒకటి రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి, ఒక రాత్రి యుంచవలయును. మరునాడు హ్యాండిలు గల బండియైనచో హ్యాండిలుతో, లేనిచో బండిని టాపు గేరులో వేసి సమనేలపై మెల్లగా త్రోసి, ఇంజనును నాలుగైదు చుట్లు త్రిప్పవలయును. తిరుగకున్నచో బలవంతము చేయరాదు. ట్రాక్టరుకు కట్టి లాగరాదు. మఱి కొంచెము ఆయిలు పోసి రెండు మూడు దినములు ఓపిక పట్టవలయును. ఎండిన గోడల మీద రింగులు రాచుకొనకుండ ఈ ఆయిలు కాపాడును. పై రైతు ఈ పని చేయకయే సెల్ఫు నొక్కెను. అదృష్టవశమున హాని కలుగలేదు.

ఇక పెట్రోలు సంగతి. దీర్ఘకాలము నిలిచిన బండిలో మిస్సింగునకు మొదటి అనుమానము దీనిమీదనే ఉంచవలయును. పెట్రోలు నూనెవలె నిలువయుండునది గాదు. కొన్ని నెలలకే తేలిక పదార్థములు ఎగిరిపోయి, మిగిలినది మెల్లగా బంకగా మాఱును. అట్టి పెట్రోలు పుల్లని వార్నిషు వాసన కొట్టును. ఆ బంక కార్బురేటరులోని సూదిమొనంత సన్నని జెట్టు రంధ్రములను మూయును. పైగా నేటి పెట్రోలు తండ్రిగారి నాటి పెట్రోలు గాదు. చెఱకు, ధాన్యము మున్నగువాని నుండి తీసిన ఇథనాలు అను సారాయిద్రవ్యము దానిలో కలుపబడుచున్నది. దేశమున 2022 నాటికి ఈ కలుపు నూటికి 10 పాళ్లకు చేరినది. 20 పాళ్లు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగుళూరునందు ప్రారంభించిరి. 2025 నాటికి దేశమంతట సగటు కలుపు 20 పాళ్లకు వచ్చినది. ఇథనాలు వలన చెఱకు రైతునకు గిరాకి పెరిగినది నిజము. కాని పాత బండి గల రైతు అది చేయు మూడు పనులను తెలిసియుండవలయును.

మొదటిది, అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ మితి మీరినపుడు ఇథనాలును నీరును కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకి అడుగున చేరును. పెట్రోలు గొట్టము పీల్చుకొనునది ఆ అడుగునుండియే. ఆ ద్రవముతో ఇంజను నడువదు. నడచినను ముక్కుచు మూలుగుచు నడచును. రెండవది, పాతకాలపు రబ్బరు గొట్టములను, పంపు పొరను, కార్బురేటరులోని కొన్ని సీళ్లను అది మెత్తబరచి ఉబ్బించును. ఏండ్లతరబడి ట్యాంకి గోడలకంటిన మురికిని, త్రుప్పును వదలించి ఫిల్టరులోనికి తెచ్చును. కావున మొదటి ట్యాంకి పెట్రోలు కాలునంతలో ఫిల్టరును రెండుసారులైనను మార్చవలసి వచ్చును. మూడవది, ఇథనాలులో ప్రాణవాయువు ఇమిడియుండుటచే, ఒట్టి పెట్రోలునకు సరిపోవునట్లు చేసిన కార్బురేటరులో మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము నెమ్మదిగా మండుటవలన ఇంజను చల్లగా నున్నపుడు కార్బురేటరు ముఖమున తుమ్మును. దీనికి కార్బురేటరు మిక్చరు స్క్రూను ఇంచుక సవరించుట చాలును. ఇంజనులో దోషము లేదు.

ట్యాంకిలోని పెట్రోలు ఎట్టిదో తెలిసికొనుటకు గాజుసీసా ఒకటి చాలును. ట్యాంకి అడుగు బిరడా విప్పి, మొదట వచ్చు పెట్రోలును తెల్లని సీసాలో పట్టి ఒక గంట కదపక యుంచవలయును. రెండు పొరలుగా విడినచో ట్యాంకిని పూర్తిగా ఖాళీచేసి కడుగవలసినదే. క్రొత్త పెట్రోలులో ఇథనాలు ఎంతయున్నదో చూడదలచినవారు, గీతలు గల సన్నని గాజు కొలపాత్రలో 100 మిల్లీలీటర్ల పెట్రోలునకు 10 మిల్లీలీటర్ల నీరు చేర్చి, బాగుగా కుదిపి నిలుపవలయును. ఇథనాలు లేనిచో అడుగున నీరు 10 గీతవద్దనే నిలుచును. నూటికి 20 పాళ్లున్నచో, నీరు దానిని తనలోనికి లాగుకొని, సుమారు 30 గీతవఱకు పెరిగి కనబడును. ఈ పరీక్షలన్నియు ఆరుబయట, నిప్పునకు, బీడీకి దూరముగా చేయవలయును. తీసిన పాడు పెట్రోలును బావి దాపునను, పొలములోను పారబోయరాదు.

పై రైతు చేసిన పెద్ద తప్పు ఇచ్చటనే కలదు. పాతదానిమీద క్రొత్తది పోయుటచే క్రొత్తదియు పాడయ్యెను; అడుగునున్న త్రుప్పు లేచి కార్బురేటరు చేరెను. పాత పాలకుండలో క్రొత్తపాలు పోయరాదని అతని యింటి స్త్రీలెఱుగుదురు. వారి నడిగినను చెప్పియుందురు.

కార్బురేటరు గిన్నె విప్పి, అడుగునున్న పసుపుపచ్చని బంకను, ఎఱ్ఱని త్రుప్పును కడుగవలయును. జెట్లను తీగతో పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో మిశ్రమము శాశ్వతముగా తప్పును. కార్బురేటరు కడుగు ద్రవములో నానబెట్టి, గాలిపంపుతో ఊదవలయును. తేలుడుబుడ్డిని చెవివద్ద ఊపి చూడవలయును. లోపల చప్పుడైనచో పెట్రోలు దానిలో దూరినది. పొగచెక్క, అనగా చోకు, పూర్తిగా తెఱచుకొనుచున్నదా యని చూచుట మఱవరాదు. అది త్రుప్పుపట్టి సగము మూసికొని యుండుటయు నల్లపొగకు మిగిలిన సగము కారణము. ఇంజను లేవనప్పుడు కార్బురేటరు నోటిలో పెట్రోలు పోసి సెల్ఫు కొట్టువా రున్నారు. అట్లు చేయరాదు. ఇంజను ఎదురు తుమ్మినచో మంట ముఖమునకు తగులును.

పెట్రోలు శుభ్రమైన పిదపను మిస్సింగు మిగిలియున్నచో నిప్పురవ్వను చూడవలయును. ఇచ్చట తొందరపడి అన్ని సామానులను ఒక్కమారు మార్చరాదు. అన్నియు మార్చినచో బండి బాగుపడినను ఏది చెడినదో తెలియదు. పైగా నేడు అంగళ్లలో దొరకు పాత నమూనా పాయింట్లు, కండెన్సర్లు అన్నియు నాణ్యమైనవి కావు. బాగున్న పాతది పోయి చెడిన క్రొత్తది వచ్చుటయు కలదు. తీసిన ప్రతి సామానును గుడ్డలో చుట్టి బండిలోనే ఉంచవలయును.

ముందుగా ఏ సిలిండరు పని చేయకున్నదో కనుగొనవలయును. ఇంజనును మందముగా నడుపుచు, రబ్బరు పిడి గల పటకారుతో ప్లగ్గు వైర్లను ఒక్కొక్కదానినే తీసి మరల పెట్టుచు పోవలయును. ఆ వైరు కొనను వెంటనే ఇంజను ఇనుమునకు చేరువగా ఉంచవలయును. గాలిలో వ్రేలాడనిచ్చినచో కాయిలు చెడవచ్చును. దగ్గఱ పెట్రోలు తడి లేకుండ జూచుకొనవలయును. పనిచేయుచున్న సిలిండరు వైరు తీయగానే ఇంజను వేగము తగ్గి మఱింత వణకును. ఏ వైరు తీసినను మార్పు లేకున్నదో అదియే చచ్చిన సిలిండరు. మిస్సింగు ఒకే సిలిండరులో, గడియారము వలె క్రమముగా వచ్చుచున్నచో దోషము ఆ సిలిండరు ప్లగ్గునందో, వైరునందో, వాల్వునందో కలదు. ఒకప్పుడు ఒకటి, ఒకప్పుడు మఱొకటి తప్పుచు, క్రమము లేనిచో, అన్నింటికి ఉమ్మడియైన పాయింట్లు, కండెన్సరు, కాయిలు, పెట్రోలు, వీనిలో వెదకవలయును. ఈ ఒక్క భేదమును చెవికి పట్టించుకొన్న రైతు సగము మిస్త్రీ యైనట్లే.

ఒక సిలిండరే చచ్చినదని తేలినచో, దాని ప్లగ్గును ప్రక్క సిలిండరులో పెట్టి, ప్రక్కదానిని దీనిలో పెట్టి మరల నడుపవలయును. మిస్సింగు ప్లగ్గుతోపాటు ప్రక్క సిలిండరునకు పోయినచో ప్లగ్గుదే దోషము. పోకున్నచో వైరును చూడవలయును. ప్లగ్గు మొన రంగు గూడ మాటాడును. వేయించిన వేరుసెనగ గింజ పొట్టు రంగులో నున్నచో ఆ సిలిండరు ఆరోగ్యముగా నున్నది. పొడి మసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువ. తెల్లగా నున్నచో తక్కువ. పెట్రోలుతో తడిసియున్నచో నిప్పురవ్వ రాలేదు. ఆయిలు జిడ్డున్నచో రింగులనో వాల్వు గైడులనో అనుమానింపవలయును. అయితే సిలిండర్లలో ఆయిలు పోసి లేపిన బండిలో మొదటి దినమున ఆయిలు జిడ్డు ఉండుట సహజము. దానిని చూచి బెదరరాదు.

డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలి భాగమును పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో త్రిప్పి చూడవలయును. పెన్సిలుతో గీచినట్లు సన్నని నల్లగీత కనబడినచో నిప్పురవ్వ ఆ గీతవెంట దారి తప్పుచున్నదని అర్థము, మూత మార్చవలయును. పాయింట్ల మీద చాలకాలము నిలిచిన బండిలో బూడిదరంగు పొర పట్టును. అది కంటికి కానరానంత పలుచన యైనను విద్యుత్తును అడ్డును. సన్నని ఆకురాయితో తేలికగా రాచి, పెట్రోలు తడిపిన గట్టి కాగితపు ముక్కను నడుమ పెట్టి లాగినచో పోవును. పాయింట్ల యెడము సుమారు 0.4 మిల్లీమీటరు, ప్లగ్గు యెడము సుమారు 0.6 మిల్లీమీటరు ఉండవలయును. బండి పుస్తకము ఉన్నచో దానిలోని కొలతయే ప్రమాణము. పాయింట్లు తఱచు మాడుచు, రవ్వ పసుపుపచ్చగా, నీరసముగా నున్నచో కండెన్సరును అనుమానింపవలయును. ఆరోగ్యమైన రవ్వ నీలిరంగులో చిటచిటలాడును.

వైర్లను పరీక్షించుటకు అమావాస్యనాటి రాత్రికి మించిన పరికరము లేదు. కొట్టము తలుపులు తెఱచి, దీపములార్పి, బానెట్టు ఎత్తి ఇంజను నడుపవలయును. పగిలిన వైర్ల నుండి నీలిరవ్వలు మిణుగురులవలె ఇనుము మీదికి దూకుట కంటికి కనబడును. తలుపులు తెఱచియే ఉంచవలయునని మరల చెప్పవలసి యున్నది. మూసిన కొట్టములో ఇంజను నడిపినచో దాని పొగలోని విషవాయువు వాసన లేకయే మనుష్యుని చంపును.

పెట్రోలును, రవ్వయు చక్కబడినను ఒక సిలిండరు చచ్చియే యున్నచో, అప్పుడు మాత్రమే అదుము బలమును చూడవలయును. ఆ ప్లగ్గు తీసి, రంధ్రముపై బొటనవ్రేలు గట్టిగా నొక్కియుంచి, కాయిలు తీగ విప్పి, మఱియొకనిచే సెల్ఫు నొక్కించవలయును. మంచి సిలిండరు వ్రేలిని చప్పుడుతో ఎగదన్నును. బలము లేనిచో కొలగడియారముతో కొలిపించి, ఒక చెంచా ఆయిలు పోసి మరల కొలువవలయును. అంకె పెరిగినచో రింగులు, పెరుగకున్నచో వాల్వు. దగ్గఱి రెండు సిలిండర్లు కలిసి బలహీనముగా నున్నచో వాని నడుమ హెడ్డు గ్యాస్కెట్టు తెగినది.

నిలిచిన బండిలో సామాన్యముగా కనబడునది బిగిసిన వాల్వు. నిలిపిననాడు ఏ వాల్వు తెఱచియుండెనో, దాని కాడ గైడులో త్రుప్పుపట్టి అట్లే నిలిచిపోవును. పై మూత విప్పి ఒకడు ఇంజను త్రిప్పుచుండగా చూచినచో, ఏది తక్కినవానివలె పైకి రాకున్నదో తెలియును. కాడమీద కిరోసినును ఆయిలును కలిపి పోసి, ఒక పూట యుంచి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టినచో అనేకపర్యాయములు విడును. పై రైతు బండిలో మిగిలిన దోషము ఇదియే యనుకొనుడు: మూడవ సిలిండరు పొగవాల్వు. బోరింగు చేయించియుండినచో ఆ ఖర్చంతయు వృథా. వాల్వు విడిపించుటకైనది అరసీసా కిరోసిను. రింగులు బిగిసినవని తేలినను వెంటనే విప్పరాదు. ఒక వంద కిలోమీటర్లు మితవేగమున నడుపుచు అదుము మరల కొలిపించవలయును. చాలవఱకు అవి వేడికి, ఆయిలుకు విడును.

దేశమున 2000 సంవత్సరము ఫిబ్రవరి నుండి పెట్రోలులో సీసము కలుపుట మానిరి. ఆ సీసము పాత ఇంజనుల వాల్వుపీటలకు మెత్త వలె నుండెడిది. కావున అంతకు పూర్వపు బండ్లలో వాల్వు యెడములను ఏటేట చూపించుకొనుట అవసరము.

బండి యింటివద్ద చక్కగా నడచినంతమాత్రమున ధర్మవరము పోవునని తలపరాదు. దారి పట్టుటకుముందు బ్రేకులు చూడవలయును. నిలిచిన బండిలో బ్రేకు సిలిండర్ల రబ్బరులును ఎండును. ఇంజను మిస్సైనచో బండి ఆగును గాని, బ్రేకు మిస్సైనచో ఆగదు. రిజిస్ట్రేషను 15 ఏండ్ల వఱకే చెల్లును. ఆ పిమ్మట పరీక్ష చేయించి అయిదేండ్లకొకమారు పొడిగించుకొనవలయును. భీమాయును ఉండవలయును.

దారియే ఒక పరీక్ష. హిందూపురము నుండి సోమందేపల్లి మీదుగా పెద్దరోడ్డు చేరువఱకు నెమ్మదిగా పోవుచు ఇంజను వేడెక్కనీయవలయును. ఈ భాగమున బాగుండి, పావుగంట తరువాత మిస్సగుట మొదలైనచో కాయిలును తాకి చూడవలయును. చేయి పెట్టలేనంత వేడిగా నుండి, చల్లారిన పిదప మరల బాగుపడినచో దోషము దానిదే. పెనుకొండ చేరువ ఎత్తులలో బరువుతో ఎక్కునపుడు మాత్రమే తడబడినచో ప్లగ్గులు, వైర్లు బరువునకు తాళకున్నవి. జాతీయమార్గము 44 మీద వేగము పెంచినపుడు ముందు బాగుండి, రెండు మూడు ఫర్లాంగుల తరువాత శక్తి తగ్గి, మెల్లగా పోయిన వెంటనే తేఱుకొన్నచో ఫిల్టరు మూసికొనుచున్నది, లేదా ట్యాంకి మూతలోని గాలిరంధ్రము పూడియున్నది. మూత వదులుచేసి నడుపగా బాగుపడినచో దోషము మూతదే. ఈ రెండవ కారణమును మిస్త్రీలును తఱచు మఱతురు. చైత్ర వైశాఖముల యెండలో, ధర్మవరము బజారులో బండి నిలిపి చీరలు చూచి వచ్చునంతలో, ఇంజను వేడికి పంపులోని పెట్రోలు ఆవిరియై, మరల లేవకుండును. పంపుపై తడిగుడ్డ వేసి పది నిమిషములు ఆగిన చాలును. మాఘమాసపు పెండ్లివారికి ఈ చిక్కు తక్కువ.

డీసెలు జీపులకు, ట్రాక్టర్లకు ప్లగ్గులును పాయింట్లును లేవు. వానిలో నిలిచిన పిదప వచ్చు మిస్సింగు తఱచు గొట్టములో దూరిన గాలివలననే. ఫిల్టరు వద్దను పంపు వద్దను గాలి తీయుస్క్రూను వదులుచేసి, చేతిపంపు కొట్టి, బుడగలు లేని డీసెలు వచ్చువఱకు విడువవలయును. చచ్చిన సిలిండరును కనుగొనుటకు ఇంజెక్టరు గొట్టముల నట్లను ఒక్కొక్కటిగా ఇంచుక వదులుచేసి వినవలయును. చేతిని మాత్రము ఆ ధార కడ్డముగా పెట్టరాదు. అది చర్మము చీల్చుకొని లోనికి పోవును.

వివాహమైన పిదప బండిని మరల కొట్టములో పెట్టువారు ట్యాంకి పెట్రోలును తీసివేసి, కార్బురేటరు గిన్నె ఎండువఱకు ఇంజను నడిపి ఆపవలయును. వేడి ఆయిలును దించి క్రొత్తది పోసి, ప్లగ్గు రంధ్రములలో ఒక్కొక్క చెంచా ఆయిలు వేసి ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పవలయును. ఎయిరు ఫిల్టరు నోటికిని సైలెన్సరు నోటికిని సన్నని ఇనుపవల కట్టవలయును. బ్యాటరీ విప్పి ఇంటిలో పెట్టి నెలకొకమారు చార్జి చేయించవలయును. వేరుసెనగ మూటలను వేఱొక కొట్టమునకు మార్చవలయును. ఈ పనులు ఏ తేదీన ఎవరు చేసిరో అట్టముక్కమీద వ్రాసి, నోళ్లకు కట్టిన వలలు విప్పక ఇంజను లేపరాదని దాని క్రింద పెద్దయక్షరములతో చేర్చి, స్టీరింగు చక్రమునకు కట్టి యుంచవలయును.